సముద్రపు నాచు, మా ఇంటి నెత్తురు

మొదటిసారి సముద్రపు నాచు బస్తా కరీంనగర్ పార్సిల్ ఆఫీసుకు వచ్చిన రోజున అక్కడి గుమాస్తా దాన్ని గదిలో ఉంచనివ్వలేదు. గోడ బయట, సన్నటి జల్లులో, ఒక పాత టైరు మీద పెట్టించాడు. నేను వెళ్లేసరికి బస్తా సగం నానింది. తమిళనాడు తీరంలో ఎండబెట్టించి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసి తెప్పించుకున్న సరుకు అది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఎండుచాపలైతే ఎండుచాపలని రాపియ్యాలె మేడం. కెమికలని రాస్తే ఎట్ల? ఆఫీసంత కంపు గొడ్తున్నది,” అన్నాడు.

చేపలు కావు, సముద్రంలో పెరిగే నాచు అని చెప్పాను.

“నాచా?” అని నన్ను ఎగాదిగా చూశాడు. “మా బాయిల మస్తున్నది గద మేడం. చెప్తే బుట్టెడు తెచ్చిద్దును.”

నవ్వాల్సిన మాటే. ఆ రోజు నవ్వు రాలేదు. తడిసిన బస్తాను ఆటోలో వేసుకుని కాలేజీకి పోతూ దారి పొడవునా ఆయన్ని తిట్టుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లలో నేను తిట్టుకున్నవాళ్ల లెక్క తీస్తే ఆ గుమాస్తా చాలా మంచివాడి కింద వస్తాడు.

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నాకు నలభై దాటాక పీహెచ్‌డీ పిచ్చి పట్టింది. పిచ్చి అని మా స్టాఫ్‌రూమ్‌లో అనేవారు. నా సంగతి నాకు తెలుసు. నాకు కావలసింది పేరు ముందు డాక్టరు కాదు, మా తమ్ముడు బతకడం. వాడికి నలభై రెండేళ్లు. మా బాపు నలభై నాలుగో ఏట పోయాడు.

బాపు బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికుడు. ఒకరోజు షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, ఛాతీలో మంటగా ఉందన్నాడట. గ్యాస్ అనుకున్నారట. అంతే. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఇచ్చోడలో అత్తగారింట్లో ఉన్నాను. కబురు తెలిసి రెండు బస్సులు మారి వెళ్లేసరికి బాపును వాకిట్లో పడుకోబెట్టారు. తమ్ముడికి పదహారేళ్లు. వాడికి పదకొండు రోజుల చావు ముట్టుడు, పెళ్లయిన బిడ్డను కాబట్టి నాకు మూడు రోజులు. నాలుగో రోజు తలస్నానం చేయించి, “ఇగ నీ ఇంటికి నువ్వు పో బిడ్డా” అన్నారు. తమ్ముడికి పద్దెనిమిది నిండాక బాపు ఉద్యోగం వాడికి ఇచ్చారు. మా ప్రాంతంలో అది మామూలే. తండ్రి పనిలో ఉండగా పోతే కొడుకు ఆ పనిలో చేరతాడు. బాపు ఉన్న క్వార్టరులోనే వాడు సంసారం పెట్టాడు.

వాడి మోచేతుల మీద శనగగింజలంత పసుపు గడ్డలు లేచింది వాడికి ముప్పై ఐదు దాటాక. నొప్పి లేదు, దురద లేదు. చూసేవాళ్లు అడుగుతుంటే సిగ్గనిపించి తీయించుకుందామని చర్మం డాక్టరు దగ్గరికి పోతే, ఆయన గడ్డలు వదిలేసి రక్తపరీక్ష రాశాడు. చెడు కొవ్వు మామూలు మనిషికి ఉండాల్సినదానికి రెండింతలు దాటి ఉంది. గుండె డాక్టరు దగ్గర నేను పక్కనే కూర్చున్నాను. ఇది తిండి వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో వస్తుంది, ఇంట్లో పిల్లలందరికీ పరీక్ష చేయించండి అని ఆయన స్పష్టంగా చెప్పాడు. గోలీలతో దిగకపోతే రక్తం బయటికి తీసి కొవ్వు వడకట్టి మళ్లీ ఎక్కించే యంత్రం ఉంటుందని కూడా అన్నాడు. ఆ యంత్రాలు పెద్ద నగరాల్లోనే, అదీ ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. రెండు వారాలకోసారి పోయి గంటల తరబడి పడుకోవాలి. బొగ్గుబావిలో పనిచేసేవాడికి అయ్యే పనేనా?

ఇంటికొచ్చి చెబితే అవ్వ ముక్కు చీదుతూ ఒకటే మాట అంది. “బాపు నౌకరి కొడుక్కొచ్చె, బాపు రోగం గూడ కొడుక్కే వచ్చె. ఏం జేస్తం బిడ్డా.”

ఆ మాట అప్పుడు నాకు సబబుగానే తోచింది.

వాడు గోలీలు మింగితే సగం పని అయ్యేది. మింగడు. అడిగితే ఒకసారి కాళ్లు గుంజుతున్నయ్ అంటాడు, ఒకసారి అయిపోయినయ్ అంటాడు, ఒకసారి “నొప్పి లేనిదానికి గోలీ ఎందుకక్కా” అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వాడికి ఒక్కడే కొడుకు, పద్నాలుగేళ్లు. పిల్లాడికి నెత్తురు పరీక్ష చేయించరా అంటే, బడి పరీక్షలున్నయ్, సెలవులు రానీ, దసరా పోనీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉండేది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెలు విసిరేసేదాన్ని. మా ఆయన నెమ్మదస్తుడు. “గిన్నెలేం జేసినయే” అని మాత్రం అనేవాడు.

వాడు గోలీ మింగకపోతే, వాడి నెత్తురులోంచి ఆ కొవ్వును నేనే తీసేస్తాను అన్నంత కోపంతో ఆ పీహెచ్‌డీ మొదలైంది. విషయం కూడా అలాంటిదే ఎంచుకున్నాను.

ఎర్రనాచును వేడినీళ్లలో ఉడికిస్తే గంజిలాంటిది దిగుతుంది. ఆ గంజిని స్పిరిట్‌లో పోస్తే దారాలు దారాలుగా విడిపోతుంది. ఆ దారాల్ని ఆరబెట్టి దంచితే తెల్లటి పొడి. రసాయనం లెక్కన అవి పొడవాటి చక్కెర గొలుసులు, పాలీశాకరైడ్లు అంటాం. ఆ గొలుసుల నిండా సల్ఫేట్లు ఉంటాయి, వాటికి రుణావేశం. రక్తంలో చెడు కొవ్వును మోసుకుని తిరిగే రేణువుల పైపొరలో ధనావేశం ఉన్న చోట్లు ఉంటాయి. ఎర్రకణాలు తీసేయగా మిగిలిన పసుపుపచ్చటి ప్లాస్మాలో కాస్త ఆమ్లం, కాస్త ఈ నాచుపొడి కలిపితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నిమ్మరసం పిండిన పాలలాగా ప్లాస్మా విరుగుతుంది. కొవ్వు అడుక్కి దిగుతుంది. మంచి కొవ్వు పైన నీళ్లలోనే ఉండిపోతుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు, లోకానికి తెలిసిందే. నా తాపత్రయమల్లా మన తీరాన దొరికే నాచుతో, తక్కువ ఖర్చుతో, ఈ పని చేసే పొడి తయారవుతుందా అన్నది. దాన్ని పూసలకు అంటించి గొట్టంలో నింపగలిగితే ఏదో ఒకనాటికి మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో అలాంటి యంత్రం పెట్టుకోవచ్చు కదా అని ఆశ. మా గైడ్ మేడం మొదటిరోజే నీళ్లు చల్లింది. “దీంతోని నీకు డిగ్రీ వస్తది, మీ తమ్మునికి మిషన్ రాదు. గది యాదికి పెట్టుకో,” అంది. పెట్టుకోలేదు.

మనుషుల రక్తం వాడాలంటే కమిటీ అనుమతి కావాలి. ఆ అనుమతికి తిరిగిన తిరుగుడు చెబితే అదొక పుస్తకం. చివరికి పది మంది ఆరోగ్యవంతుల రక్తం, కొవ్వు జబ్బున్న కొందరి రక్తం తీసుకోవచ్చు అన్నారు. ప్రతివాళ్లూ ఒక ఫారం నింపి సంతకం చేయాలి. ముందురోజు రాత్రి ఎనిమిది తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా రావాలి. ఎందుకంటే తిన్న తిండిలోని కొవ్వు నెత్తురులోకి వస్తే ప్లాస్మా పాలలాగా తెల్లబడిపోతుంది. అది విరిగిందో, ముందే తెల్లగా ఉందో కనుక్కోవడం అయ్యేపని కాదు.

ఇంతకంటే సులువైన షరతు ఉంటుందా? ఉండదనే అనుకున్నాను.

మొదటి రోజు మా కాలేజీ వాళ్లు ఐదుగురు వచ్చారు. ముగ్గురు ఛాయ్ తాగి వచ్చారు. “ఛాయ్ తాగుడు తినుడెట్లయితది మేడం? ఒక్కపొద్దు నాడు గూడ తాగుతం గద,” అని ఒకాయన నాకే నేర్పించాడు. చిక్కటి గేదెపాల ఛాయ్. నాలుగోవాడు మా అటెండరు, హుజూరాబాద్ నుంచి రోజూ బస్సులో వస్తాడు. మంచి మనిషి, అబద్ధం ఆడడు. ఏమైనా తిన్నావా అంటే తలదించుకున్నాడు. నెత్తురు తీస్తారని తెలిసి వాళ్లావిడ పొద్దున్నే లేచి మేక కార్జం, అంటే లివరు, వేపుడు చేసి పెట్టిందట. “నెత్తురు పోతది, కార్జం తింటే నెత్తురు వడ్తది” అని. ఐదోవాడు ఏమీ తినలేదు, కానీ సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాడు.

సరే, బయటివాళ్లు. మా తమ్ముడిని పిలిపించాను. వాడికి పదిసార్లు చెప్పాను. అవ్వకు ఫోన్ చేసి చెప్పాను, మరదలికి చెప్పాను. వాడు బెల్లంపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. మాకు నెత్తురు తీసిపెట్టే టెక్నీషియన్ అమ్మాయి ట్యూబులు యంత్రంలో గిర్రున తిప్పి బయటికి తీసి నా వైపు చూసింది. ప్లాస్మా మజ్జిగలాగా ఉంది.

“ఏం తిన్నవ్‌రా?”

“ఏం తినలే అక్కా. ఒట్టు.”

“మరి తాగినవా?”

కాసేపు గోడ గడియారం చూశాడు. “అవ్వ పాయ జేసింది. పాయంటే నీళ్లే గదక్కా. బొక్క ముట్టలే, ఉట్టి సూపే.”

నాలుగు మేక కాళ్లు రాత్రంతా సన్నటి సెగ మీద మరిగించి, కొడుకు నెత్తురు పోతుందని, తెల్లవారుజామున లేపి గ్లాసుతో పట్టించింది మా తల్లి. ఫోన్ చేసి అరిచాను. అవ్వ ఏమాత్రం తగ్గలేదు. “గిన్నె నెత్తురు గుంజుతరట, నా కొడుకును ఉత్త కడుపుతోని పంపాల్నా? నువ్వు చదువుకున్నవ్ గని నీకు దయ లేదే,” అంది. ఏడుపొచ్చింది. అంత ప్రేమతో అంత నష్టం చేసేవాళ్లను ఏమని తిట్టాలి?

మళ్లీ నెల తర్వాత తమ్ముడిని ముందురోజే మా ఇంటికి రప్పించుకుని, వంటింటికి నేనే కాపలా ఉండి, మర్నాడు నెత్తురు తీయించాను. శుభ్రమైన ప్లాస్మా దొరికింది. ఇక పోల్చి చూడ్డానికి, కంట్రోలు అంటాం, ఆరోగ్యవంతుల ప్లాస్మా కావాలి. పది మందిని పోగుచేసి, పది ఇళ్లల్లో పది మంది ఆడవాళ్లకు నచ్చజెప్పి, పొద్దున్నే ఎవరి నోరు వాసన చూడాలి? నాకు అందరి మీదా నమ్మకం పోయింది. మొదట ఒక్కరితో పరీక్ష కుదిరితే తర్వాత మిగతావాళ్ల సంగతి చూద్దాం అనుకున్నాను. ఆ ఒక్కరు ఎవరు? చెప్పిన మాట చెప్పినట్టు వినే మనిషి కరీంనగర్ మొత్తంలో నాకు ఒక్కతే కనబడింది. అది నేనే.

నేను సన్నగా ఉంటాను. బీపీ లేదు, షుగర్ లేదు. బాపు పోయిన వయసు దాటి కూడా రెండేళ్లయింది. ఫారం తీసుకుని రెండు నిమిషాల్లో నింపి, సంతకం చేసి, పరగడుపున పోయి చేయి చాపాను.

అక్కడి నుంచి ఎనిమిది నెలలు నరకం.

తమ్ముడి ప్లాస్మాలో నాచుపొడి కలిపితే విరిగింది. భలే అనుకున్నాను. నా ప్లాస్మాలో కలిపాను. అది కూడా విరిగింది. మసక వస్తే కొద్దిగా రావాలి, అంతే. కానీ అడుక్కి తెల్లటి మడ్డి దిగింది. ఇంచుమించు తమ్ముడి ట్యూబులో ఎంతో నా ట్యూబులో అంత. అంటే ఏమిటి? నా పొడికి చెడు కొవ్వును మాత్రమే ఏరి పట్టుకునే తెలివి లేదు, కనబడిన ప్రోటీన్‌నంతా కిందికి లాగేస్తోంది అని అర్థం. అలాంటి పొడి మనిషికి పనికిరాదు. మంచీ చెడూ తేడా లేకుండా వడకడితే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి తప్పు నాచుది అన్నాను. తడిసి పాడైందని ఆ పార్సిల్ గుమాస్తాను మళ్లీ తిట్టి కొత్త బస్తా తెప్పించాను. ఫలితం అదే. తప్పు నీళ్లది అన్నాను. డిస్టిల్డ్ వాటర్ మార్చాను. అదే. ఆమ్లం కొలత మార్చాను, ఉడికించే వేడి మార్చాను, పొడిని మూడుసార్లు, ఐదుసార్లు కడిగాను. సెలవురోజుల్లో కూడా ల్యాబులోనే ఉన్నాను. ఇంట్లో మా బిడ్డ డిగ్రీ రెండో ఏడు, అది వండి పెడితే తినేదాన్ని. ఎన్నిసార్లు నా నెత్తురు తీయించానో మోచేతి మడతలో మచ్చ తెలుస్తుంది. ప్రతిసారీ అడుగున అదే తెల్లటి మడ్డి. ఒకరోజు ట్యూబును సింకులో విసిరికొట్టాను. గాజు ముక్కలు ఏరుతూ అటెండరు, “జర ఓపిక పట్టుండ్రి మేడం,” అన్నాడు. కార్జం తిని వచ్చినవాడు నాకు ఓపిక చెబుతున్నాడని వాడి మీద కూడా అరిచాను. పాపం, వాడు ఏం చేశాడు.

మరోపక్క తమ్ముడికి నలభై మూడు నడుస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా గోలీ, కొడుకు పరీక్ష, ఇవే రెండు మాటలు. వాడు నా ఫోన్ ఎత్తడం తగ్గించాడు. మరదలు ఎత్తి, “స్నానానికి పోయిండు వదినా” అనేది. రోజుకు ఎన్ని స్నానాలు చేస్తాడో నాకు అర్థమయ్యేది కాదు.

చివరికి రికార్డు పుస్తకం, ట్యూబుల ఫొటోలు, ఫారాల ఫైలు పట్టుకుని యూనివర్సిటీకి గైడ్ మేడం దగ్గరికి పోయాను. విషయం మార్చుకుంటాను, ఇది నా వల్ల కాదు అని చెప్పాలని పోయాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి ఆమె. ఒక్కో పేజీ నిదానంగా తిప్పింది.

“ఈ కంట్రోలెవరిది?”

“నాదే మేడం.”

“నీ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టేది?”

“నేను ఆరోగ్యవంతురాలినే కదా మేడం.”

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఎవలు చెప్పిన్రు?”

ఆమె ఫైలు ముందుకు లాక్కుని రెండు ఫారాలు బయటికి తీసింది. ఒకటి తమ్ముడిది. వాడిచేత చెప్పించుకుని నేను రాసింది. రెండోది నాది. కుటుంబంలో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అన్న చోట వాడి ఫారంలో, ఉంది, తండ్రి గుండెపోటుతో చనిపోయారు, అని నా గుండ్రటి అక్షరాల్లోనే ఉంది. నా ఫారంలో అదే చోట, లేదు, అని ఉంది. అవీ నా గుండ్రటి అక్షరాలే.

“మీ తమ్ముని తండ్రి గుండెపోటుతోని పోయిండు,” అంది మేడం, పిల్లలకు పాఠం చెప్పినట్టు. “మీ తండ్రికి ఏం గాలె. మీరిద్దరు ఒక్క తండ్రి పిల్లలే గదా?”

తల కొట్టేసినట్టయింది.

అబద్ధం రాయాలని రాయలేదు. అప్పుడు నా చేతికి ఏం తోచిందో ఇప్పటికీ గుర్తుంది. మా ఇంట్లో అంటే ఇచ్చోడ అనుకున్నాను. మామ ఎనభై దాటినా జొన్నరొట్టె కరకరా నములుతాడు. అత్త చెలక దాకా నడిచిపోయి వస్తుంది. గుండెజబ్బు ఎవరికుంది? ఎవరికీ లేదు. రేషన్ కార్డులో, ఓటరు లిస్టులో, బిడ్డ స్కూలు కాగితాల్లో ఇరవై ఏడేళ్లుగా ఇల్లంటే ఆ ఇల్లే రాశాను. ఉద్యోగం కొడుక్కి, క్వార్టర్ కొడుక్కి, పదకొండు రోజులు కొడుక్కి. ఆ వరసలోనే జబ్బు కూడా కొడుక్కే అని అవ్వ అంటే తలూపాను. అవ్వ చదువుకోలేదు. నేను జన్యువుల గురించి క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. పెళ్లి చేసి పంపేటప్పుడు పుట్టింటి నెత్తురు ఒంట్లోంచి తీసి గడపలో పెట్టి పోతారా ఎవరైనా?

కరీంనగర్ వచ్చి మర్నాడే పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు చూసి ఆ టెక్నీషియన్ అమ్మాయి, “మేడం, మీది సార్‌దీ కలిసిపోయినట్టున్నయ్, అదే మీ తమ్ముడు సార్ది, మల్ల చేస్త,” అంది. కలిసిపోలేదు. గుండె డాక్టరు నా మడమ వెనక నరం వేళ్లతో పట్టి చూసి, దళసరిగా ఉంది, ఇదీ ఆ కొవ్వు పేరుకునే అన్నాడు. అక్కడ నొప్పి ఏళ్ల నుంచి ఉంది. నిలబడి పాఠాలు చెప్పడం వల్ల అనుకునేదాన్ని. గోలీలు రాశాడు. రోజుకొకటి, జీవితాంతం.

నా నాచుపొడి మొదటి రోజు నుంచీ సరిగ్గానే పనిచేసింది. తడిసిన బస్తాలోంచి తీసింది కూడా. నా నెత్తురులో పట్టుకోవలసింది ఉంది కాబట్టి పట్టుకుంది. ఎనిమిది నెలలు అది రోజూ నా కళ్లముందు పెట్టి చూపిస్తే, నేను దాన్నే తప్పు పట్టాను. ఈ సంగతి తెలిస్తే ఎవరైనా సంతోషిస్తారు కదా, పరిశోధన నెగ్గినట్టే కదా. నాకు మాత్రం ఒళ్లంతా కోపమే. ఎవరి మీదో తెలియదు. బాపు మీద కూడా వచ్చింది.

గోలీల షీటు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఇంట్లో మా ఆయనకు మాత్రం చెప్పాను.

తొమ్మిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు తనంతట తను చేసి ఎన్ని నెలలైందో.

“బావ చెప్పిండు,” అన్నాడు. “అక్కా, గోలీలేసుకుంటున్నవా?”

“ఏసుకుంట. ఇంకోసారి పరీక్ష చేపిచ్చుకొని...”

“ఏసుకుంటున్నవా అని అడుగుతున్న.”

లేచి బ్యాగు తీసి చూశాను. షీటు చింపలేదు. పదికి పదీ ఉన్నాయి. కాలేజీ పరీక్షలు కానీ, ఒళ్లు నొప్పులొస్తే నిలబడలేను, నాకు నొప్పేం లేదు కదా, రిపోర్టు మరోచోట చూపించుకున్నాక మొదలుపెడతా. ఇవన్నీ ఆ తొమ్మిది రోజుల్లో నాకు నేను చెప్పుకున్న మాటలు. ఒక్కో మాటా వాడి నోట విని నేను గిన్నెలు విసిరినవే.

“లేదురా,” అన్నాను.

వాడు అరుస్తాడనుకున్నాను. అరిచే హక్కు వాడికి రెండేళ్లది ఉంది. కానీ చిన్నగా అన్నాడు.

“అక్కా, బాపు పోయిన నాడు నువ్వు లెవ్వు. గ్యాసని చెప్పి సోడా తెచ్చిచ్చింది నేనే. ఉరికి పోయి తెచ్చిన. సగం తాగి నా చెయ్యి వట్టుకున్నడు. గట్టిగ వట్టుకున్నడు. నేను చెయ్యి ఇడిపించుకొని అవ్వను పిలువబోయిన. మల్లొచ్చేటాలకు... గోలీ చేతిల వట్టుకున్నప్పుడల్ల గదే యాదికొస్తది. అందుకే ఏసుకోబుద్ధి గాదు. నీతోని చెప్పలే, నువ్వు తిడుతవని. ఇప్పుడు నువ్వు గూడ గట్లనే అంటే ఎట్లక్కా? నేను ఇంకోపారి చూడలేను. నాతోని గాదు.”

ఇరవై ఏడేళ్లు. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పే సందు నేను ఎప్పుడిచ్చాను? ఫోన్ చేస్తే గోలీ వేసుకున్నావా అని మొదలుపెట్టి, వాడు నోరు తెరిచేలోపు తిట్టి పెట్టేసేదాన్ని. నాకు నా మీద అసహ్యం వేసింది. షీటు చింపి, ఫోన్ చెవిన పెట్టుకునే ఒక గోలీ మింగాను. మింగిన అని వాడికి చెప్పాను.

“మంచిది,” అన్నాడు. “కోడలికి చూపిచ్చినవా?”

“ఏంది?”

“కోడలికి నెత్తురు పరీక్ష చేపిచ్చినవా అంటున్న. నా కొడుకుకు చేపియ్యమని రెండేండ్ల సంది నా పానం దీసినవ్ గద.”

మా బిడ్డ పక్క గదిలో ఉంది. పందొమ్మిదేళ్లది. ఏదో నోట్సు రాసుకుంటూ తనలో తనే పాడుకుంటోంది. పిల్లలందరికీ అని డాక్టరు చెప్పినప్పుడు నేను వాడి కొడుకు ఒక్కడినే విన్నాను. నా రిపోర్టు చేతికి వచ్చిన తర్వాత కూడా, ఆ తొమ్మిది రోజుల్లో, రోజూ దాని చేతి అన్నం తింటూ, దాని సంగతి తలపుకు రాలేదు. దాని నెత్తురు నాదని గుర్తు రావడానికి బెల్లంపల్లి నుంచి ఫోన్ రావాల్సి వచ్చింది. ఫోన్ పట్టుకుని ఆ గది గుమ్మం దాకా పోయి ఆగాను.

వాడికి అర్థమైంది. “సరే. పొద్దుగాల్ల పరగడుపున ఉంచు. మొదటి బస్సుకు వస్త.”

మర్నాడు తొమ్మిది కాకముందే వచ్చాడు. ఒక్కడే రాలేదు. కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఏమీ తినకుండా, ఏమీ తాగకుండా బస్సెక్కించానని ఎవరూ అడగకముందే చెప్పాడు. తన గోలీ కూడా దారిలో వేసుకున్నాడట. ఖాళీ అయిన గూడు చూపించడానికి షీటు జేబులోంచి తీశాడు. తీయాల్సిన అవసరం లేదురా అన్నాను.

మా బిడ్డా వాడి కొడుకూ ల్యాబులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సూది గుచ్చుతుంటే మా బిడ్డ మామ చేయి పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు. టెక్నీషియన్ అమ్మాయి ట్యూబులు తిప్పి, బయటికి తీసి, స్టాండులో పక్కపక్కన నిలబెట్టింది. కింద ఎర్రగా, పైన పసుపుపచ్చగా తేటగా ఉన్నాయి రెండూ. పేరు చీటీలు గోడవైపు తిరిగి ఉన్నాయి. ఏది ఏ ఇంటిదో నాకు తెలియలేదు.